మనసుకూ పునరావాసం

ఉద్దేశం

ఊరు విడిచి ప్రాణభయంతో పరుగెత్తి వచ్చిన వారికి తిండి, గుడ్డ, నీడ కల్పించడంతో సమాజం బాధ్యత తీరిపోదు. వారి మనసుకు తగిలిన గాయం మానడానికి కూడా ఆసరా కావాలి. ఆ ఆసరా ఎలాంటిదో, దానిని ఎవరు ఏ విధంగా అందించగలరో బర్మానుండి తిరిగివచ్చిన తెలుగువారి చరిత్ర ఆధారంగా తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో 'కాందిశీకుడు' అనే మాట ఉంది. ప్రాణభయంతో స్వస్థలాన్ని విడిచి పారిపోయినవాడు అని దాని అర్థం. సంస్కృతంలో 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకు?' అని. 'ఏ దిక్కుకు పోవాలి?' అని తనను తాను అడుగుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థి అనే మాట అతడు కోరేదేమిటో చెబుతుంది. కాందిశీకుడు అనే మాట అతని మనసులోని కలవరాన్ని చెబుతుంది. బర్మానుండి తిరిగివచ్చిన తెలుగువారిని మన పెద్దలు 'బర్మా కాందిశీకులు' అనే వ్యవహరించారు. ఆ పేరులోనే ఉన్న మనోవ్యథను మాత్రం ఆనాడు గుర్తించినవారు తక్కువ.

రంగం ప్రయాణం

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలో పూడిమడక అనే మత్స్యకార గ్రామం ఉంది. అక్కడి ఒడ్డున నిలబడి తూర్పుకు చూస్తే కనుచూపు మేరా బంగాళాఖాతమే. ఆ సముద్రానికి ఆవలి ఒడ్డు బర్మా, అనగా నేటి మయన్మార్. ఒకనాటి దాని రాజధాని రంగూన్‌ను మన ఉత్తర కోస్తా ప్రజలు 'రంగం' అని పిలిచేవారు. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాల నుండి విశాఖపట్టణం, భీమునిపట్టణం, కళింగపట్టణం, కాకినాడ రేవుల్లో పొగ ఓడలెక్కి వేలాదిమంది రంగం వెళ్ళారు. కరవు, అప్పు, భూమిలేమి వారిని ఓడ ఎక్కించాయి. మేస్త్రీలు ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి కూలీలను కుదుర్చుకొనేవారు. ఆ బాకీ తీరేదాకా కూలీ ఆ మేస్త్రీకి కట్టుబడి ఉండవలసిందే. ఓడలనుండి సరుకులు దించడం, ధాన్యపు మిల్లుల్లో బస్తాలు మోయడం, రిక్షా లాగడం, వీధులు ఊడ్చడం వంటి కష్టమైన పనులు వీరి పాలబడ్డాయి. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే.

మూడు విపత్తులు

ఆ తెలుగువారి మీద ఒకే తరం కాలంలో మూడు పెద్ద విపత్తులు వచ్చి పడ్డాయి.

మొదటిది 1930 మే నెలలో జరిగిన అల్లర్లు. రంగూన్ రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. కొద్ది రోజులకు సమ్మె పరిష్కారమైంది. తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే బర్మీయ కూలీలను పొమ్మన్నారు. మే 26వ తేదీన రేవులో మొదలైన ఘర్షణ నగరమంతా వ్యాపించింది. కూలీల బసలమీద మూకలు విరుచుకుపడ్డాయి. వందమందికి పైగా మరణించారు, వందలాదిమంది గాయపడ్డారు. వారిలో అధిక సంఖ్యాకులు తెలుగువారే. కొట్టినవారూ పేదలే, దెబ్బలు తిన్నవారూ పేదలే. నిన్నటిదాకా ఒకే వీధిలో తిరిగినవాడు నేడు కత్తి పట్టుకొని ఎదురుగా నిలవడం ఆ సంఘటనలోని అసలు విషాదం. అల్లర్లు అణగిన తరువాత బ్రతుకు తెరువు కోసం చాలామంది అదే రేవుకు, అదే వీధి గుండా మళ్ళీ పనికి పోవలసివచ్చింది.

రెండవది యుద్ధం. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానాలు రంగూన్‌మీద బాంబులు కురిపించాయి. రేవుకూలీలు, వారి కుటుంబాలు చేతికందినది తీసుకొని పారిపోయారు. 1942 మార్చి 8వ తేదీన రంగూన్ జపాను వశమైంది. అప్పటినుండి భారతదేశం చేరడానికి సముద్రమార్గం మూసుకుపోయింది. మిగిలినవి కొండదారులే. ప్రోమ్ పట్టణం నుండి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ చేరేది ఒక దారి. టాము మీదుగా ఇంఫాల్, అక్కడినుండి దిమాపూర్ రైలుస్టేషను చేరేది మరొక దారి. ఉత్తరాన హుకాంగ్ లోయగుండా అస్సాం చేరేది మూడవ దారి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఈ విధంగా బర్మా విడిచారు. కలరా, మలేరియా, ఆకలి, వానాకాలపు బురద వారిని వెంటాడాయి. దారిలో రాలిపోయినవారి సంఖ్య పదివేలు మొదలు యాభైవేలకు పైగా ఉంటుందని చరిత్రకారులు రకరకాలుగా అంచనా వేశారు. ఓడల్లోను, సదుపాయాలున్న దారుల్లోను తెల్లవారికే ప్రాధాన్యం దక్కిందనే విమర్శ ఆనాడే వచ్చింది. చివరికి సొంతగడ్డ చేరినవారికి అక్కడా నిబ్బరం దొరకలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణంమీద కూడా జపాను బాంబులు పడ్డాయి. పట్టణ ప్రజలే పల్లెలకు పారిపోతున్న సమయంలో బర్మానుండి వచ్చినవారు ఇళ్ళు వెదుక్కోవలసి వచ్చింది.

మూడవది ఆస్తి, ఉపాధి కోల్పోవడం. యుద్ధానంతరం కొందరు తిరిగి బర్మా వెళ్ళారు; కొందరు అసలు రానేలేదు. 1962 మార్చి 2వ తేదీన సేనాధిపతి నెవిన్ అధికారాన్ని చేజిక్కించుకొన్నాడు. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. అదే సంవత్సరం పెద్ద నోట్లు చెల్లవని ప్రకటించారు. ఆ దశకంలో లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. వారిలో తెలుగువారు ఓడలమీద సొంత రాష్ట్రానికి చేరుకున్నారు. అక్కడే పుట్టి, బర్మా భాషలో చదువుకొన్న పిల్లలకు 'స్వదేశం' అనేది పరాయి ఊరే అయింది. ప్రభుత్వం నివేశన స్థలాలు, ఋణాలు ఇచ్చింది. బర్మా, శ్రీలంకల నుండి తిరిగివచ్చిన వారికోసం 1969లో కేంద్రప్రభుత్వం చెన్నై కేంద్రంగా 'రెప్కో' సహకార బ్యాంకును నెలకొల్పింది. విశాఖపట్టణం కంచరపాలెం ప్రాంతంలో 'బర్మా క్యాంపు' అనే పేరు నేటికీ నిలిచి ఉంది.

స్థలం, ఋణం, బ్యాంకు. ఈ మూడూ అవసరమైనవే. కాని కళ్ళ ఎదుట కన్నబిడ్డను కొండదారిలో విడిచివచ్చిన తల్లికి ఏ కార్యాలయంలో ఏ దరఖాస్తు ఉంది? ఆనాటి పునరావాస ప్రణాళికల్లో ఆ గడి లేదు. ఆమె మనసును ఆదుకొనవలసిన భారం ఇరుగుపొరుగుల మీద, బంధువుల మీద, కాలం మీద పడింది.

మనోగాయం స్వరూపం

భయంకరమైన హింసను చూచిన మనిషిలో కలిగే మార్పులు చాలావరకు స్వాభావికమైనవి. నిద్ర పట్టదు. పట్టినా పీడకలలు వస్తాయి. చిన్న చప్పుడుకే ఉలికిపాటు కలుగుతుంది. జరిగినదంతా మళ్ళీ కళ్ళముందు జరుగుతున్నట్లు తోస్తుంది. ఆ సంఘటనను గుర్తుచేసే చోటికి, మాటకు, వాసనకు కూడా మనిషి దూరంగా తొలగిపోతాడు. విమానం చప్పుడు విని పందిరి క్రిందికి పరుగెత్తే ముసలివానిని చూచి పిల్లలు నవ్వవచ్చు. కాని ఆ పరుగులో అర్థం ఉంది. ఒకనాడు ఆ జాగ్రత్తే అతని ప్రాణం కాపాడింది. ప్రమాదం గడచిపోయినా శరీరం ఆ పాఠాన్ని మరచిపోలేదు.

చాలామందిలో ఈ లక్షణాలు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. కొందరిలో మాత్రం సంవత్సరాల తరబడి నిలిచిపోయి బ్రతుకును కుంగదీస్తాయి. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులలో కనిపించిన ఈ స్థితిని వైద్యులు 'షెల్ షాక్' అన్నారు. పిరికితనమని కొందరు సైనికులను శిక్షించడం కూడా జరిగింది. వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల అనుభవాలు దీనిని మళ్ళీ చర్చకు తెచ్చాయి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ఒక రుగ్మతగా గుర్తించి తమ వైద్య గ్రంథంలో చేర్చింది. అంటే బర్మా బాటసారులు ఇల్లు చేరిన దాదాపు నలభై సంవత్సరాలకు గాని వారి బాధకు వైద్యశాస్త్రంలో స్థిరమైన పేరు ఏర్పడలేదు.

కాందిశీకుల వ్యథ భయంతోనే ఆగదు. అందులో మరి మూడు పొరలున్నాయి.

మొదటిది తేలని దుఃఖం. మరణించినవారికి అంత్యక్రియలు జరిపి, పదిమందిలో ఏడ్చి, పెద్దదినం పెట్టుకొంటే దుఃఖానికి ఒక ఒడ్డు కనిపిస్తుంది. దారిలో తప్పిపోయిన మనిషి బ్రతికి ఉన్నాడో లేదో తెలియనప్పుడు ఆ కుటుంబం కర్మ చేయలేదు, ఆశ వదులుకోలేదు. ఆ దుఃఖానికి తీరం దొరకదు. భర్త జాడ తెలియని ఇల్లాలు బొట్టు ఉంచుకోవాలా, తీసివేయాలా అనే ప్రశ్న ఊరి నోటినుండి వినవలసిరావడం ఆ గాయాన్ని మరింత రేపుతుంది.

రెండవది బ్రతికి బయటపడినందుకు కలిగే అపరాధ భావన. 'నేను ఆ రోజు చేయి వదలకుండా ఉంటే' అనే మాట అటువంటివారిని జీవితాంతం వెంటాడుతుంది. నిజానికి ఆ పరిస్థితిలో ఎవరూ చేయగలిగింది లేకపోవచ్చు. అయినా మనసు తనమీద తానే నేరం మోపుకుంటుంది.

మూడవది నమ్మకం కోల్పోవడం. తుఫాను, భూకంపం ఎవరిమీదా పగపట్టవు. మూక హింస అటువంటిది కాదు. మనిషే మనిషిని వెదికి మరీ కొడతాడు. దాని నుండి బయటపడినవారికి అధికారి, పోలీసు, పొరుగువాడు అందరూ అనుమానించదగినవారుగానే కనిపిస్తారు. సాయం చేయడానికి చాచిన చేయిని కూడా వారు సందేహిస్తారు. అందువల్లనే ఇటువంటివారి విషయంలో ఆసరా అనేది నమ్మకాన్ని తిరిగి కట్టే పనిగా మొదలుకావాలి.

ఈ బాధలు మనదేశంలో తరచు శరీర బాధల రూపంలో బయటపడతాయి. 'గుండె దడ', 'ఒళ్ళంతా మంటలు', 'తల దిమ్ము', 'కాళ్ళు పీకులు' అంటూ మందులకోసం తిరిగేవారిలో కొందరి అసలు రోగం మనసులో ఉంటుంది. యుద్ధాలు, సంఘర్షణలు జరిగిన ప్రాంతాలలో ప్రతి అయిదుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉంటారని 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసింది. ఈ లెక్కను మరొకవైపు నుండి కూడా చదవాలి. అంత కష్టాన్ని అనుభవించీ అయిదుగురిలో నలుగురు రుగ్మత స్థాయికి పోకుండా తట్టుకొంటున్నారు. కాందిశీకులందరూ రోగులని భావించడం ఎంత పొరపాటో, వారికేమీ కాలేదనుకోవడమూ అంతే పొరపాటు.

ఆసరాకు నాలుగు మెట్లు

అంతర్జాతీయ సహాయ సంస్థలు కలిసి 2007లో ఈ విషయంమీద మార్గదర్శక సూత్రాలను ప్రకటించాయి. వాటి సారాంశాన్ని నాలుగు మెట్ల రూపంలో చెప్పుకోవచ్చు. క్రింది మెట్టు అందరికీ అవసరం. పైకి పోయినకొద్దీ అవసరమయ్యే వారి సంఖ్య తగ్గుతుంది.

మొదటి మెట్టు భద్రత, కనీస అవసరాలు. తలదాచుకొనే చోటు, త్రాగునీరు, రాత్రిపూట వెలుతురు, ఆడవారికి గడియ ఉన్న స్నానాలగది, రేపు ఏమి జరుగుతుందో చెప్పే నిజమైన సమాచారం. ఇవి లేనిచోట ఎంత మంచి వైద్యుడైనా మనసుకు ధైర్యం చెప్పలేడు. సాయం అందించే తీరు కూడా ఇందులో భాగమే. వరుసలో నిలబెట్టి విసుక్కుంటూ ఇచ్చిన బియ్యం కడుపు నింపుతుంది, మనసును మాత్రం ఇంకొంచెం చిన్నబుచ్చుతుంది.

రెండవ మెట్టు కుటుంబం, సమాజం. విడిపోయినవారిని వెదికి కలపడం, ఒకే ఊరివారిని ఒకేచోట ఉంచడం, పిల్లలకు వెంటనే బడి తెరవడం, పండుగలు జరుపుకోనివ్వడం, చనిపోయినవారికి వారి వారి ఆచారం ప్రకారం కర్మలు జరుపుకొనే వీలు కల్పించడం ఈ మెట్టులోని పనులు. పని దొరకడం కూడా వైద్యమే. పగలు పది గంటలు పనిచేసి తన కూలి తాను తెచ్చుకున్న మనిషికి తాను ఇంకా పనికివచ్చేవాడిననే నమ్మకం కలుగుతుంది. బర్మా కాందిశీకులు ఒకే వాడలో కలిసి ఉండటం ఈ దృష్టితో గమనించదగినది. అదే దారి నడిచివచ్చినవాడు పక్కింటిలో ఉంటే ప్రతి సంగతీ మొదటినుండి వివరించవలసిన పని ఉండదు. ఒక నిట్టూర్పు చాలు.

మూడవ మెట్టు శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తల తోడ్పాటు. ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, నర్సులు, చదువుకున్న యువకులు కొద్దికాలపు శిక్షణతో ఈ పని చేయగలరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో మరికొన్ని సంస్థలతో కలిసి 'మానసిక ప్రథమ చికిత్స' అనే మార్గదర్శిని వెలువరించింది. దానిలోని మూడు సూత్రాలు చూడటం, వినడం, కలపడం. ఎవరికి తక్షణ సాయం కావాలో చూడాలి. వారు చెప్పదలచుకొన్నది ఓపికగా వినాలి. కావలసిన సేవలతోను, అయినవారితోను వారిని కలపాలి. అదే సంస్థ ఆ తరువాత అయిదు సమావేశాలతో కూడిన ఒక పద్ధతిని రూపొందించింది. సమస్యలను విడదీసి చూడటం, ఊపిరిని నిదానంగా తీసుకొని కలవరాన్ని అణచుకోవడం, మానివేసిన పనులను తిరిగి మొదలుపెట్టడం, అండగా నిలిచేవారిని కూడగట్టుకోవడం అందులో నేర్పుతారు. హింసకు గురైన పాకిస్తాన్‌లోని పెషావర్ ప్రాంతంలో మానసిక వైద్యులు కాని కార్యకర్తల చేత ఈ పద్ధతిని అమలుచేయించగా బాధితులలో ఆందోళన, కుంగుబాటు తగ్గినట్లు 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

నాలుగవ మెట్టు నిపుణుల చికిత్స. నెలలు గడిచినా నిద్రలేనివారు, పనిచేయలేనివారు, మద్యానికి లొంగినవారు, బ్రతుకుమీద విరక్తి ప్రకటించేవారు తప్పనిసరిగా మానసిక వైద్యుని వద్దకు చేరాలి. మందులతో పాటు మాటల ద్వారా చేసే చికిత్సలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో బాధితుడు తన జీవితకథను పుట్టినప్పటినుండి వరుసగా చెబుతాడు. చికిత్సకుడు దానిని వ్రాసి తిరిగి చదివి వినిపిస్తాడు. ముక్కలు ముక్కలుగా మీదపడే భయంకర జ్ఞాపకం ఆ కథలో ఒక తేదీతో, ఒక చోటుతో తన స్థానంలో కుదురుకుంటుంది. 'అది అప్పుడు జరిగింది, ఇప్పుడు జరగడంలేదు' అని మనసు గ్రహించడమే ఈ చికిత్సలోని కీలకం.

ఈ సందర్భంలో చేయకూడని పనులు కూడా తెలుసుకోవాలి. విపత్తు జరిగిన వెంటనే బాధితుని కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పమని బలవంతపెట్టరాదు. ఒకప్పుడు ఇది మేలుచేస్తుందని నమ్మేవారు. దానివల్ల ప్రయోజనం లేకపోగా కొందరికి కీడు జరిగే అవకాశం ఉందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 'జరిగిందేదో జరిగింది, మరచిపో' అనడం కూడా మంచిది కాదు. ఆ మాట చెప్పేవానికి సుఖం, వినేవానికి ఒంటరితనం. చెప్పాలనుకున్నప్పుడు వినేవారు ఉండాలి, చెప్పకూడదనుకున్నప్పుడు మౌనానికి మర్యాద ఉండాలి. భాష తెలియనివారికి దుబాసీ అవసరం. అయితే తల్లి బాధను పసిపిల్లచేత అనువాదం చేయించడం ఇద్దరికీ అన్యాయం.

మనదేశంలో కృషి

1984 డిసెంబరులో జరిగిన భోపాల్ విషవాయు దుర్ఘటన మనదేశంలో ఈ విషయానికి మేలుకొలుపు అయింది. మొదట వెళ్ళిన వైద్యబృందాలు కళ్ళకు, ఊపిరితిత్తులకు చికిత్స చేశాయి. ఆ తరువాత బాధితుల మానసిక స్థితిని పరిశీలించిన నిపుణులు అక్కడి సాధారణ వైద్యులకే మానసిక చికిత్సలో శిక్షణ ఇప్పించారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ తరువాత కూడా స్థానిక కార్యకర్తలకు ఇటువంటి శిక్షణ అందించింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో ప్రారంభమైంది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యాన్ని పొందడం ప్రతివ్యక్తి హక్కుగా ప్రకటించింది. 2022 అక్టోబరులో ప్రారంభమైన 'టెలి మానస్' సేవ ద్వారా 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. విశాఖపట్టణం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈ నగరంలో మానసిక రోగులకు ఆశ్రయం పందొమ్మిదవ శతాబ్దంలోనే ఏర్పడింది. అయితే అటువంటి సంస్థలు ఒకప్పుడు తీవ్రమైన రోగులను వేరుగా ఉంచే చోట్లుగా మాత్రమే ఉండేవి. వాటి గేటు దాటడమే అవమానమనే భావన ఇంకా పూర్తిగా తొలగిపోలేదు. జ్వరం వచ్చినవాడు ఆసుపత్రికి వెళ్ళినంత సహజంగా మనసు నొచ్చినవాడు వెళ్ళగలిగిననాడే ఈ చట్టాలకు సార్థకత.

నేటి కాందిశీకులు

కాందిశీకుల కథ చరిత్రతో ముగిసిపోలేదు. 2024 చివరినాటికి హింస, యుద్ధాల కారణంగా ఇళ్ళు విడిచినవారు ప్రపంచంలో 12 కోట్లకు పైగా ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తెలిపింది. 1942లో మనవారు నడిచిన అరకాన్ ప్రాంతం నుండే 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు నాఫ్ నదిని దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరారు. రోహింగ్యాలలో కొన్ని వేలమంది హైదరాబాదులో బాలాపూర్ పరిసరాలలో నివసించారు. శరణార్థుల విషయంలో దేశాలు అనుసరించే విధానాలు వేరువేరుగా ఉంటాయి. 1951నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంమీద భారతదేశం సంతకం చేయలేదు. విధానాల గురించి వాదించుకొనేవారు కూడా ఒక విషయం మరువరాదు. ఎనభై సంవత్సరాల క్రితం ఆ బురదదారిలో నడిచిన తల్లి తెలుగులో ఏడ్చింది. నేటి తల్లి మరొక భాషలో ఏడుస్తున్నది.

మన ఊరిలోనే చూచినా ఈ పాఠం అవసరం తెలుస్తుంది. అచ్యుతాపురం ఇప్పుడు పల్లెటూరు మాత్రమే కాదు, ప్రత్యేక ఆర్థికమండలి. దానికోసం పొలాలు, ఇళ్ళు ఇచ్చి పునరావాస కాలనీలకు తరలినవారున్నారు. దూర ప్రాంతాలనుండి పనికోసం వచ్చినవారున్నారు. 2022లో అక్కడి దుస్తుల కర్మాగారంలో విషవాయువు సోకి, జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరొకసారి వందకుపైగా మహిళలు అస్వస్థులయ్యారు. 2024 ఆగస్టు 21వ తేదీన ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. అంతకుముందు 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణం వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై ప్రజలు చీకటిలో పరుగులు తీశారు. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇవి మూకహింసలు కావు, యుద్ధాలు కావు. వీటిలో నష్టపోయినవారిని కాందిశీకులనలేము. అయినా సైరను మోగగానే ఒళ్ళు వణకడం, మళ్ళీ ఆ గేటులోకి అడుగుపెట్టాలంటే కాళ్ళు ఆడకపోవడం, పక్కన పనిచేసిన స్నేహితుని పేరు చెప్పగానే గొంతు పూడుకుపోవడం వీరికీ ఉంటాయి. నష్టపరిహారపు మొత్తం పత్రికల్లో వస్తుంది. నిద్రపట్టని రాత్రుల లెక్క ఎక్కడా రాదు. కాందిశీకుల కోసం రూపొందిన నాలుగు మెట్లు వీరికీ ఉపయోగపడతాయి.

ఈ విషయంలో విద్యార్థులు చేయగలిగింది కూడా ఉంది. తరగతిలో కొత్తగా చేరిన విద్యార్థి మాట్లాడకుండా కూర్చుంటే గర్వమని తీర్మానించకుండా పక్కన చోటివ్వవచ్చు. 'పిచ్చి' అనే మాటను తిట్టుగా వాడటం మానవచ్చు. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో రంగం కథ మొదలుపెడితే చివరిదాకా వినవచ్చు. బాధ హద్దు మీరిందని తోచినప్పుడు పెద్దలకు చెప్పి వైద్యుని వద్దకు చేర్చవచ్చు.

తెలుగులో 'దిక్కు' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి దిశ, రెండవది ఆధారం. దిక్కు తోచనివాడు అన్నా, దిక్కులేనివాడు అన్నా మనం ఆ ఒక్క మాటనే వాడతాం. కాందిశీకుడు 'ఏ దిక్కుకు?' అని అడిగినప్పుడు దారి చూపడం ప్రభుత్వాల పని. 'నాకెవరు దిక్కు?' అనే ప్రశ్న కూడా అతని మాటలోనే దాగి ఉంది. దానికి జవాబు చెప్పవలసినది తోటి మనుషులు. ఇల్లు కట్టి ఇచ్చిననాడు కాక, ఆ ఇంట్లో అతడు భయంలేకుండా నిద్రపోయిననాడే పునరావాసం పూర్తి అయినట్లు.

కఠిన పదాలకు అర్థాలు

కాందిశీకుడు = ప్రాణభయంతో పారిపోయినవాడు
స్వాభావికం = సహజమైనది
కనుమ = కొండల మధ్య దారి
దుబాసీ = ఒక భాషలోని మాటలను మరొక భాషలో చెప్పేవాడు
నివేశన స్థలం = ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చే జాగా
విరక్తి = ఆసక్తి లేకపోవడం
నిబ్బరం = ధైర్యం, నిశ్చింత

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బర్మాలోని తెలుగువారు ఎదుర్కొన్న మూడు విపత్తులను వివరించండి.
2. మానసిక ఆసరాలోని నాలుగు మెట్లను సోదాహరణంగా తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 'తేలని దుఃఖం' అంటే ఏమిటి?
2. మూకహింసకు గురైనవారిలో నమ్మకం ఎందుకు సడలిపోతుంది?
3. బాధితుల విషయంలో చేయకూడని పనులు ఏవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తెలుగువారు రంగూన్‌ను ఏమని పిలిచేవారు?
2. మానసిక ప్రథమ చికిత్సలోని మూడు సూత్రాలు ఏవి?
3. 'టెలి మానస్' సేవ ఎప్పుడు ప్రారంభమైంది?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఆ దుఃఖానికి తీరం దొరకదు.
2. పని దొరకడం కూడా వైద్యమే.
3. నిద్రపట్టని రాత్రుల లెక్క ఎక్కడా రాదు.